బండి నడిపేది నేనే

ఫిబ్రవరి 4

తమ్ముడికి,

ఫోనులో నీకు వినపడదు, నాకు అరిచే ఓపిక లేదు. ముప్పై ఆరేళ్లు తరగతి గదుల్లో అరిచి రిటైరైనదాన్ని. మిగిలిన కాస్త గొంతూ పిల్లిని తోలడానికి దాచుకున్నాను. అందుకే ఉత్తరం. ఇక్కడ అందరం కులాసా. నీ మోకాలి ఆపరేషన్ బాగా జరిగిందని మరదలు చెప్పింది. రెండు నెలలపైన కాలు చాపుకుని కూర్చోమన్నారట. పుట్టి బుద్ధెరిగాక నీకు నచ్చిన వైద్యం ఇదొక్కటే అయ్యుంటుంది.

అసలు విషయానికి వస్తాను. నాన్న పికప్ బండిని బాగు చేస్తున్నాను.

ఆ వాక్యం మళ్లీ చదువు. చేయిస్తున్నాను అనలేదు, చేస్తున్నాను అన్నాను. "ఈ ఎండాకాలం సెలవు పెట్టి వచ్చి నేనే చూస్తానక్కా" అని నువ్వు మాటిచ్చిన ఎండాకాలాలు ఇప్పటికి ఇరవై రెండు. మా షెడ్డులో నిలబడి నిలబడి దాని టైర్లు నేలకు అతుక్కుపోయాయి. పోయిన వారం పాత ఇనుము కొనేవాడు వచ్చి, దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ఇది బండి కాదమ్మా, బరువు" అన్నాడు. నాన్న చేసిన కుర్చీలూ బీరువాలూ ఎన్ని ఇళ్లకు చేర్చిందో వాడికేం తెలుసు? వాణ్ని పంపించేసి, మర్నాడు పొద్దున్నే మా అబ్బాయి పాత ప్యాంటు తొడుక్కుని బానెట్ ఎత్తాను. ఇంజను మీద ఎలుకలు గూడు కట్టుకున్నాయి. గూడంతా నా పాత లెక్కల ప్రశ్నపత్రాల ముక్కలే. పిల్లలకు పనికిరాకపోయినా వాటికి పనికొచ్చాయి.

నాకు నీ చేతులు అక్కర్లేదు, నీ తల కావాలి. బస్సుల వర్క్‌షాపులో అంతకాలం ఫోర్‌మన్‌గా చేశావు కదా, ఏది ముందు విప్పాలో ఏది విప్పకూడదో రాయి. ఆదివారాలు కోడలు సాయం చేస్తానంది.

ఇంకో సంగతి. బండి కదిలాక నడిపేది నేనే. డ్రైవింగ్ స్కూల్లో చేరాను. "ముందు తమ్ముడికి నేర్పుతాను, తర్వాత నీకు" అన్నాడు నాన్న. ఆ 'తర్వాత' అన్నది యాభై ఒక్క ఏళ్లుగా రాలేదు. ఇక నేనే ఎదురెళ్లి తెచ్చుకుంటున్నాను.

అక్క

*

ఫిబ్రవరి 10

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదువుతుంటే నవ్వుకు కుట్లు లాగాయి. డ్రైవింగ్ స్కూలు దగ్గరికి వచ్చేసరికి మీ మరదలు చేతిలో టీ ఒలికిపోయింది. డెబ్బై దాటినా నీ వెటకారం మాత్రం వాడి తగ్గలేదు.

బండి మాట వినగానే మాత్రం ఒళ్లు పులకరించింది. నిజంగా చేస్తావా? అయితే విను. తాళంచెవి జోలికి అస్సలు పోకు. అన్నేళ్లు నిలబడిపోయిన ఇంజనులో పిస్టన్లు పట్టేసి ఉంటాయి, బలవంతం చేస్తే విరుగుతాయి. నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పు. ఒక్కో రంధ్రంలో రెండేసి చెంచాల ఇంజనాయిలు పొయ్యి. పది రోజులు వదిలెయ్యి. తర్వాత ముందున్న పెద్ద పుల్లీ నట్టుకు పొడుగు స్పానరు తగిలించి, మెల్లగా, నిద్రపోయేవాణ్ని లేపినట్టు తిప్పు. కదలకపోతే తిట్టకు. మళ్లీ ఆయిలు పోసి మళ్లీ ఆగు. నీకు ఆగడం రాదని నాకు తెలుసు.

నేను కర్ర వదిలే సరికి దాన్ని స్టార్టయ్యే దాకా తీసుకురా చాలు. మిగతాది నేను చూసుకుంటాను.

నీ తమ్ముడు

*

మార్చి 1

ఒరేయ్ ఫోర్‌మన్,

కదిలింది!

పది రోజులు ఆగమన్నావు, పద్నాలుగు రోజులు ఆగాను. ఆగడం నాకు రాకపోవడమేమిటి, మీ బావ స్నానాల గదిలోంచి బయటికి వచ్చే దాకా నలభై ఏళ్లు ఆగినదాన్ని. స్పానరు కోడలు పట్టుకుంది, స్పానరుకు తగిలించిన గొట్టం నేను పట్టుకున్నాను. మొదట ఏమీ లేదు. తర్వాత ఇంజను లోపల ఎవరో నిట్టూర్చినట్టు చప్పుడైంది. పుల్లీ అంగుళం తిరిగింది. ఇద్దరం అత్తా కోడళ్లమని మర్చిపోయి కావలించుకున్నాం. మా అబ్బాయి కిటికీలోంచి చూసి ఏదో గొడవ జరిగిందనుకుని పరుగెత్తుకొచ్చాడు.

కోడలు పళ్ల డాక్టరని నీకు తెలుసుగా. కార్బొరేటరు విప్పి, డైనింగ్ టేబుల్ మీద తెల్లగుడ్డ పరిచి, తన క్లినిక్కు పనిముట్లతో శుభ్రం చేసింది. చిన్న అద్దం, సన్నటి కొక్కెం, గాలి ఊదే గొట్టం. "అత్తయ్యా, ఇరవై రెండేళ్లుగా డాక్టరు దగ్గరికి రాని పేషెంటు ఇది" అంది. ఆ సన్నటి రంధ్రాల్లో సూదులు పెట్టి కెలికితే వెడల్పైపోతాయని నువ్వు గొడవ చేస్తావని ముందే చెప్పాను. "నరం తగలకుండా పని చేసే చేతులని మావయ్యగారికి రాయండి" అంది. రాశాను.

డ్రైవింగ్ స్కూలాయన ఎవరనుకున్నావు? నా దగ్గర ఎనిమిదో తరగతిలో మూడో బెంచీలో కూర్చుని భిన్నాలంటే ఏడ్చినవాడు. ఇప్పుడు బట్టతలా కళ్లజోడూ వచ్చాయి. "టీచరుగారూ, క్లచ్చి సగం వదిలి ఆగాలండీ" అన్నాడు. దేన్లో సగంరా, మొత్తం ఎంత, అని అడిగాను. చెమట తుడుచుకున్నాడు. నిన్న మాత్రం నేను మూడుసార్లు ఇంజను ఆపేస్తే, "ఫరవాలేదండీ, మళ్లీ ప్రయత్నించండి" అన్నాడు. ఆ ఒక్క ముక్క నేను వాడితో ఏనాడైనా అన్నానా అని ఇంటికొచ్చే దాకా ఆలోచించాను. అన్నట్టు గుర్తు లేదు.

అక్క

*

మార్చి 8

అక్కా,

అంగుళం కదిలిందన్న చోట నా కళ్లు చెమ్మగిల్లాయి. మందుల ప్రభావమని మీ మరదలితో అన్నాను.

మూడో బెంచీ కథ ఇంటిల్లిపాదికీ చదివి వినిపించాను. కింది వాటాలో ఉండే టైలరు కూడా వచ్చి విన్నాడు. ఇవన్నీ ఎక్కడి నుంచి కల్పిస్తావే తల్లీ! ఏదైనా పత్రికకు పంపు.

ఇప్పుడు ప్లగ్గుల వైర్లు. జాగ్రత్త, నాలుగూ ఒకేసారి పీకకు. ఒకటి తీసి, తుడిచి, పెట్టి, అప్పుడు రెండోది. ఏ వైరు ఎక్కడిదో మారిపోతే ఇంజను దగ్గుతుంది గానీ నడవదు. రేడియేటరు వైపుది ఒకటో నంబరు, అక్కణ్ణుంచి లెక్క.

టైలరు చేత నా నడుముకు ఒక దిండు కుట్టించి పార్సిలు చేశాను. డ్రైవరు సీటుకు తగిలించి ఉంచు. నా వంతు రాగానే సిద్ధంగా ఉండాలి.

నీ తమ్ముడు

*

మార్చి 21

ఫోర్‌మన్‌గారికి,

నీ హెచ్చరిక అందే సరికి నేను నాలుగు వైర్లూ పీకేసి నాలుగు రోజులైంది. కంగారు పడకు, టీచర్ని, చీటీలు కట్టకుండా ఏదీ విప్పను. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని మనవరాలి చేత ముత్యాల్లాంటి అక్షరాలతో రాయించి మరీ కట్టాను. నీ ఉత్తరం ప్రకారం రేడియేటరు వైపు నుంచి కోడలు వాటిని తగిలించింది. కొత్త బ్యాటరీ, కొత్త పెట్రోలు. తాళం తిప్పాను.

ఢామ్మని పేలింది. కార్బొరేటరులోంచి మంట నాలుక చాపి లోపలికి పోయింది. పిల్లి గోడ దూకింది, పక్కింటి రిటైర్డు జడ్జిగారు గోడ మీది నుంచి తొంగి చూశారు. "ఎవరైనా ఉన్నారా?" అన్నారు. ఇంకా ఉన్నామని చెప్పాను.

మూడు రోజులు అదే పేలుడు. నాలుగో రోజు చీటీలు చేత్తో పట్టుకుని కూర్చుంటే అప్పుడు వెలిగింది. నువ్వు ఒకటి అంటే రేడియేటరు వైపుది. నేను ఒకటి అని రాయించింది సీటు వైపుది. తరగతిలో మొదటి బెంచీ ఏది? టీచరు కుర్చీకి దగ్గరున్నది. బండిలో కుర్చీ ఎక్కడుంది? స్టీరింగు దగ్గర. అక్కణ్ణుంచి లెక్కపెట్టాను. ఇంజనుకు మొదలు మనిషి కూర్చునే వైపు కాకుండా, ఎదురుగాలి కొట్టే వైపని నిర్ణయించినవాడెవడో నాకు ఒకసారి చూపించు.

చీటీలు తిరగేసి వైర్లు మార్చాం. తాళం తిప్పాను. రెండుసార్లు దగ్గింది. తుమ్మింది. అందుకుంది.

తమ్ముడూ, ఆ చప్పుడు గుర్తుందా? నాన్న గేటు బయట ఆగి ఇంజను ఆపకుండా మనల్ని పిలిచేవాడు చూడు, అదే, సరిగ్గా అదే, కాస్త జలుబు చేసినట్టుగా. షెడ్డు నిండా నీలం పొగ. కోడలు గరిట తీసుకుని రేడియేటరు మూత మీద దరువు వేసింది. జడ్జిగారు గోడ అవతల చప్పట్లు కొట్టారు. నేను ఏడ్చాననీ, నవ్వాననీ రెండు వాదనలున్నాయి. తీర్పు రిజర్వులో ఉంది.

దిండు అందింది. నా నడుముకు అతికినట్టు సరిపోయింది.

అక్క

*

మార్చి 28

మా బంగారు అక్కకు,

ఉత్తరం అయిదుసార్లు చదివాను. తరగతి బెంచీల లెక్కతో ఇంజను విప్పినవాళ్లు ప్రపంచంలో నువ్వొక్కతెవే అయ్యుంటావు. నా వర్క్‌షాపులో అయితే ఒక పూట ఎండలో నిలబెట్టేవాణ్ని.

ఇక నా ఏర్పాట్లు విను. ఏప్రిల్ పద్దెనిమిదిన డాక్టరు కర్ర తీసేస్తాడు. ఇరవయ్యో తారీఖున బస్సెక్కి మీ ఇంటికొస్తాను. బండి వేసుకుని వచ్చేస్తాను. ఇంటి ముందు రేకులు దించి షెడ్డు వేయించాను, గేటు జానెడు వెడల్పు చేయించాను. మొదటి రోజు టైలరును ఎక్కించుకుని ఊరంతా ఒక చుట్టు తిప్పుతానని మాటిచ్చాను. నీకు షెడ్డు ఖాళీ అవుతుంది, కూరగాయల మొక్కలు వేసుకోవచ్చు.

దిండు మీద నువ్వు కూర్చోకు. అణిగిపోతుంది.

నీ తమ్ముడు

*

ఏప్రిల్ 3

తమ్ముడికి,

బండి మీ ఇంటికి రాదు. ఇక్కడే ఉంటుంది. నడిపేది నేను. డ్రైవింగ్ స్కూల్లో చేరిన మాట నిజం. మూడో బెంచీ నిజం. ఈ నెల పద్నాలుగున నాకు లైసెన్సు పరీక్ష. మొదటి ఉత్తరం నుంచీ ఇదే రాస్తున్నాను. ఇందులో హాస్యం లేదు.

అక్క

*

ఏప్రిల్ 6

అక్కా,

నీకు ఒంట్లో బాగుందా?

అరవై ఏడేళ్లలో నీ నోటి నుంచి గానీ కలం నుంచి గానీ ఒక్క వెక్కిరింపు కూడా లేని మాట నాకు రాలేదు. నాన్న పోయినప్పుడు కూడా డాక్టరును ఏదో ఒకటి అన్నావు. బీపీ చూపించుకున్నావా? ఆ ఇంజను పొగ తలకెక్కి ఉంటుంది. కోడలితో ఏమైనా తేడా వచ్చిందా? బండి సంగతి అలా ఉంచు, ఇరవయ్యో తారీఖు దాకా ఆగకుండా రేపే వచ్చేద్దామంటే మీ మరదలు కర్ర దాచేసింది. వెంటనే రెండు ముక్కలు రాయి. కాస్త తిట్టి రాయి.

నీ తమ్ముడు

వదినా, ఇది నేను రాస్తున్నాను. పోస్టులో వేయమని నాకిచ్చారు, అంటించే ముందు కలుపుతున్నాను. మీరు బాగానే ఉన్నారని నాకు తెలుసు, మొదటి ఉత్తరమే నేను నమ్మాను. టీ ఒలకబోసింది నవ్వొచ్చి కాదు, భలే అనిపించి. ఆయన మీకు రాయని సంగతి ఒకటుంది. ఎడమ మోకాలు ఇక క్లచ్చి తొక్కే పనికి రాదని డాక్టరు నెల కిందటే చెప్పాడు. నడవొచ్చు, మెట్లెక్కొచ్చు, బండి మాత్రం వద్దన్నాడు. ఈయన విననట్టే ఉన్నారు. రేకుల షెడ్డు ఆ తర్వాత వేయించిందే. మీ మరదలు.

*

ఏప్రిల్ 10

ఒరేయ్ మొద్దూ,

తిట్టమన్నావుగా, మొదలుపెట్టాను.

నాకు బీపీ లేదు, కోడలితో తేడా లేదు, పొగ తలకెక్కలేదు. నా లెర్నర్ లైసెన్సు నకలు ఇందులో పెట్టాను. ఫోటోలో బ్యాంకు దోచినదానిలా ఉన్నాను గానీ అది నేనే. జీవితమంతా వెటకారం చేసినందుకు నాకు తగిన శాస్తి ఇదే, నిజం చెబితే పత్రికకు పంపమంటావు.

నీ మోకాలి సంగతి తెలిసింది. ఎవరు చెప్పారని మరదలి మీద ఎగరకు. ఓదార్చడం నాకు చేతకాదు, ఓదారిస్తే నీకు ఒళ్లు మండుతుంది, కాబట్టి ఆ భాగం వదిలేద్దాం. ఒక్కటే అడుగుతాను. ఆ బండి ఎవరు నడిపితే నీకు చూడబుద్ధవుతుంది? నేనా, పాత ఇనుము వాడి లారీ మీద అది ఎక్కి పోవడమా? మూడో దారి నీకూ లేదు, నాకూ లేదు.

బ్రేకులు నేను ముట్టుకోలేదు. ఆ పని తెలిసిన మేస్త్రీ వచ్చి గొట్టాలూ సిలిండర్లూ అన్నీ కొత్తవి వేశాడు. నేను పక్కన కుర్చీ వేసుకుని పరీక్ష హాల్లో ఇన్విజిలేటరులా కూర్చున్నాను. పాపం, ఒక్క నట్టు కూడా పక్కకు చూసి బిగించలేదు. టైర్లు కొత్తవి. తుప్పు గీకి, పాత ఆకుపచ్చ రంగే వేశాం. మనవరాలు గులాబీ రంగు వేద్దామంది. ఓటింగు పెట్టాం, ఒకటికి రెండుతో ఓడిపోయింది.

అక్క

*

ఏప్రిల్ 13

అక్కా,

నకలు చూశాను. దిండు తిరిగి పంపమని రాద్దామనుకున్నాను. రాసి చింపాను.

నీకు ఒకటి చెప్పాలి. ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పను. నాన్న అన్న 'తర్వాత' వచ్చింది. నాకు నేర్పిన ఆ ఏడే వచ్చింది. ఒక పొద్దున షెడ్డులో బండి తుడుస్తూ, "అక్కను పిలువు, ఇవాళ్టి నుంచి దానికి నేర్పుతాను" అన్నాడు. నేను ఇంట్లోకి వచ్చాను. నువ్వు కిటికీ దగ్గర కూర్చుని జడ అల్లుకుంటున్నావు. నేను మంచినీళ్లు తాగి వెనక్కి వెళ్లి, "అక్కకు పరీక్షలట, తనకు ఇష్టం లేదట" అన్నాను. నాన్న ఇంకేమీ అడగలేదు. నాకు పదహారేళ్లు. అన్నింట్లోనూ నువ్వే ఫస్టు. ఆ ఒక్క బండీ నాకే ఉండాలనిపించింది.

పెద్దయ్యాక చెబుదామంటే నువ్వు ఎప్పుడూ జోకులేస్తుంటావు, మధ్యలో ఎక్కడ దూరాలో తెలిసేది కాదు.

రేపు పరీక్ష కదా. ఈ ఉత్తరం నీకు అందేసరికి అయిపోతుంది. వెనక్కి నడిపేటప్పుడు అద్దాలనే నమ్ముకోకు, తల తిప్పి చూడు.

తమ్ముడు

*

ఏప్రిల్ 17

తమ్ముడూ,

నువ్వు చెప్పిన ఆ రోజు నాకు పరీక్షలు లేవు. ఉన్నా వచ్చేదాన్ని.

ఉత్తరం చదివి షెడ్డులోకి వెళ్లి బండిలో కూర్చున్నాను. నీ మీద చాలా కోపం తెచ్చుకుందామని చూశాను. గంటసేపు కూర్చుంటే పావుగంట కోపం వచ్చింది, అది కూడా అప్పుడప్పుడూ తెగిపోతూ వచ్చింది. మిగతా ముప్పావుగంట ఒకే సంగతి తలుచుకున్నాను. నాన్న నన్ను మర్చిపోలేదు. ఇన్నేళ్లూ మర్చిపోయాడనే అనుకున్నాను. ఎవరితోనూ అనలేదు గానీ, అనుకున్నాను. ఆ ముల్లు తీసినందుకు నీకు సగం శిక్ష తగ్గిస్తున్నాను.

మిగతా సగం ఇది. నా పక్క సీట్లో కూర్చోవాలి. నోరు విప్పకూడదు.

ఎందుకంటే పరీక్ష పాసయ్యాను. వెనక్కి నడిపేటప్పుడు తల తిప్పే చూశాను, నువ్వు చెప్పకపోయినా. పరీక్ష పెట్టిన ఇన్‌స్పెక్టరు, "ఈ వయసులో ఎందుకమ్మా?" అన్నాడు. ఇంతకు ముందు ఖాళీ దొరకలేదన్నాను. బయట గేటు దగ్గర మూడో బెంచీ నాకంటే ఎక్కువ వణుకుతూ నిలబడ్డాడు. నేను బొటనవేలు ఎత్తి చూపించగానే గాల్లోకి ఎగిరాడు. "నువ్వు చాలా మంచి టీచరువురా" అన్నాను. ఈసారి నిజంగానే ఏడ్చాడు, భిన్నాల అవసరం లేకుండానే.

ఇరవయ్యారు, ఆదివారం, తొమ్మిదింటికి మీ గేటు దగ్గర ఉంటాను. నలభై కిలోమీటర్లు, నాకు గంటన్నర. జానెడు వెడల్పు చేయించావుగా, పనికొస్తుంది.

అక్క

*

ఏప్రిల్ 27

అక్కా,

నిన్న చెప్పలేనివి ఇవాళ రాస్తున్నాను. ఎదురుగా ఉంటే నువ్వు చెప్పనిస్తావా?

ఎనిమిదింటి నుంచే గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. టైలరూ వచ్చాడు, వాళ్లావిడా వచ్చింది. మలుపు తిరగక ముందే చప్పుడు వినపడింది. నాకు చెవుడని అందరూ అంటారు కదా, అక్కడున్న అందరికంటే ముందు నేనే విన్నాను. ఆకుపచ్చ ముక్కు కనపడింది. లోపల నువ్వు, బ్లాక్‌బోర్డు దగ్గర నిలబడ్డంత నిటారుగా. ఎవరినో తిడుతూ వస్తున్నావు. సైకిలతన్నట, చెయ్యి చూపించకుండా తిరిగాడట.

శిక్ష ప్రకారం నోరు విప్పలేదు. నాలుగుసార్లు తప్ప. మొదటిసారి మూడో గేరుకు మార్చమన్నాను, నాలుగోసారి "వెనక బరువేమీ లేదు కదా, గుంటల దగ్గర ఇంత మెల్లగా ఎందుకు?" అన్నాను. "వెనక కార్లున్నాయి, వాళ్లకూ కాస్త ఓపిక నేర్పుదామని" అన్నావు. బ్రేకు ఉండాల్సిన చోట ఖాళీ నేలను నేను ఎన్నిసార్లు తొక్కానో నువ్వు చూడలేదనుకుంటున్నాను. చూస్తే చెప్పకు.

నేను ఆ బండి నడిపిన రోజుల్లో ఒక్కసారి కూడా రోడ్డు పక్కకు చూడలేదక్కా. నిన్న చూశాను. చెరకు రసం రంగు గోడల బడి, పావురాల గూళ్ల డాబా, నది మీద వంతెన. వంతెన కింద నీళ్లున్నాయని తెలుసు గానీ అంత వెడల్పున్నాయని తెలియదు. బండి అంటే స్టీరింగే అనుకుని బతికాను.

సాయంత్రం నువ్వు వెళ్లిపోయాక మీ మరదలు అడిగింది, "ఎలా నడిపిందండీ మా వదిన?" అని. ఫరవాలేదన్నాను. ఇంకోసారి అడిగింది. నాకు వినపడలేదన్నాను.

కొత్త షెడ్డు ఖాళీగా ఉంది. టైలరు కుట్టు మిషను పెట్టుకుంటానంటున్నాడు. నువ్వు వచ్చినప్పుడల్లా బండికి నీడ కావాలి కదా, అందుకని ఇంకా ఏమీ చెప్పలేదు.

బాగా నడిపావు.

తమ్ముడు

*

మే 2

చిరంజీవి తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. సైకిలతన్ని నేను తిట్టలేదు, పేరు అడిగాను. అన్నీ చదివాను. రెండోసారి కూడా చదివాను. 'బాగా నడిపావు' అన్న మాట మాత్రం మూడో పేజీ అడుగున, చీమలు పాకినట్టు, సంతకానికీ మార్జినుకూ మధ్య ఇరికించి రాశావు. నా కళ్లజోడు సరిపోక కోడలి భూతద్దం తెచ్చుకోవలసి వచ్చింది.

కాబట్టి దాన్ని విడిగా, తెల్లకాగితం మీద, పెద్ద అక్షరాలతో, తారీఖు వేసి, సంతకం పెట్టి, సాక్షిగా మరదలి సంతకం కూడా తీసుకుని మళ్లీ పంపు. ఫ్రేము కట్టించి షెడ్డులో తగిలిస్తాను.

వచ్చే ఆదివారం తొమ్మిదింటికే వస్తాను. వంతెన దాటి ఇంకా ముందుకు పోతే ఏముందో మనిద్దరికీ తెలియదట, మరదలు అంది. తను కూడా సిద్ధంగా ఉండాలి. ముందు సీట్లో ముగ్గురు పడతారు, కొలిచి చూశాను.

టైలరుకు షెడ్డు ఇవ్వకు. హారను ఒక్కసారే కొడతాను.

ఇట్లు,
బండి నడిపే మీ అక్క